గ్రేట్ హేవుడ్ వంతెన దగ్గర రాత్రికి పడవ కట్టుకోవచ్చా?

అమ్మానాన్నలతో, ఇద్దరు పిల్లలతో అద్దె పడవలో బయలుదేరి, మొదటి రాత్రి ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్‌షైర్‌లోని గ్రేట్ హేవుడ్ వంతెన దగ్గర ఆగాలనుకుంటున్నామని, అది మంచి చోటేనా అని అడిగారు. కట్టుకోవచ్చండీ. కానీ నేనైతే అక్కడ ఆగను, ఇంకో అర మైలు పోయి టిక్సాల్ వైడ్ అనే వెడల్పాటి చోట ఆగుతాను.

మీరు ఆ వంతెన ఫొటో చూసి మనసు పారేసుకున్నట్టున్నారు. మేమూ అలాగే పారేసుకున్నాం. ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ నుంచి స్టాఫర్డ్‌షైర్ అండ్ వూస్టర్‌షైర్ కాలువ చీలే మూలలో, నంబరు 109, ఒకే ఒక్క వెడల్పాటి ఇటుక కమాను. పడవలను గుర్రాలు గట్టు మీద నడుస్తూ మోకుతో లాగిన రోజుల్లో వాటి దారి కోసం కట్టినది. మా గోదావరి కాలువల మీద ఆ పని మనుషులే చేశారని తాతగారు చెబుతుండేవారు.

రెండేళ్ల కిందట మే నెలలో, ఆ వంతెన కనిపించేంత దూరంలోనే సాయంత్రం పడవ కట్టాం. అంతకుముందు రెండు రోజులూ వాన. మోకులు కట్టడానికి గట్టులో దిగగొట్టే పెద్ద ఇనుప మేకులు మెత్తటి నేలలోకి వెన్నలోకి దిగినట్టు దిగాయి. అప్పుడే అనుమానం రావలసింది! కాలువ ఇరుకు కాబట్టి, పక్కనుంచి పోయే ప్రతి పడవా నీటిని ముందుకు నెట్టి, వెనక్కి గుంజుతుంది. దానితోపాటు కట్టి ఉన్న మన పడవా ఊగుతుంది, ప్రతి ఊపుకూ మేకు కాస్త వదులవుతుంది. మలుపు దగ్గరైతే ఇది మరీ ఎక్కువ, తిరగడానికి అందరూ ఇంజను గట్టిగా తొక్కుతారు. కాలువల మీద గరిష్ఠ వేగం గంటకు 4 మైళ్లు, కట్టి ఉన్న పడవల పక్కన ఇంకా తగ్గించాలి. పొద్దున్నే వచ్చిన పెద్దమనిషి ఎవరో ఈ సంగతి పట్టించుకోలేదు. ముందు మేకు ఊడిపోయి పడవ ముక్కు అవతలి గట్టు వైపు సాగింది. కాఫీ కలుపుతున్న మా ఆవిడ "కిటికీలో చెట్లు నడుస్తున్నాయి" అని కేకేసింది. నేను రాత్రి బట్టలతోనే గట్టు మీదకు దూకి, వెనక మోకు పట్టుకుని లాగాను. కుక్కతో నడకకు వచ్చిన ఒకాయన ఓ చెయ్యి వేయకపోతే మరో పావుగంట పట్టేది. మాంచెస్టర్ వైపు పోయే రైలు మార్గం కూడా అక్కడికి దగ్గరే, పడుకున్నవాళ్లకు ఆ చప్పుడు తెలుస్తుంది.

మీరు వంతెన కింద నుంచి ఎడమ చేతికో, కుడి చేతికో, వచ్చిన దిక్కును బట్టి తిరగండి. తిరిగే ముందు హారన్ కొట్టండి, అవతల ఎవరున్నారో కమాను చాటున కనబడదు. ఆ వెంటనే ట్రెంట్ నది మీద చిన్న అక్విడెక్టు, అంటే కాలువనే నది మీదుగా దాటించే వంతెన, వస్తుంది, గన్నవరం అక్విడెక్టు చూసిన కళ్లకు ఆనదు. అది దాటి కొంచెం పోతే కాలువ ఉన్నట్టుండి చెరువంత అవుతుంది. అదే టిక్సాల్ వైడ్. మధ్యలో ఒక్క లాకు (నీటి మట్టం మారే చోట పడవను ఎక్కించి దించే తలుపుల గది) కూడా లేదు, కొత్తవాళ్లకు అదొక వరం.

ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ రూపొందించిన ఈ స్టాఫర్డ్‌షైర్ అండ్ వూస్టర్‌షైర్ కాలువ 1772లో పూర్తయింది, ఆ ఏడాదే ఆయన కన్నుమూశాడు. టిక్సాల్ హాల్ యజమానులు తమ మేడ ముందు మురుగు కాలువలాంటిది వద్దని, సరస్సులా కనబడాలని పట్టుబట్టడంతో ఇక్కడ వెడల్పు చేశారని చెబుతారు. ఆ మేడను 1927లో కూల్చేశారు. 1580 ప్రాంతంలో కట్టిన దాని గేట్‌హౌస్ (ప్రవేశద్వారపు భవనం) మాత్రం నాలుగు మూలలా బురుజులతో గడ్డి మైదానంలో ఒంటరిగా నిలబడి ఉంది. 1586లో స్కాట్లండ్ రాణి మేరీని కొద్ది రోజులు బందీగా ఉంచింది ఈ టిక్సాల్‌లోనే. సాయంత్రపు ఎండ ఆ రాళ్ల మీద పడే వేళకు చాయ్ గ్లాసుతో పడవ మీద కూర్చోండి, మీ నాన్నగారు లోపలికి రమ్మన్నా రారు.

వేసవిలో చోటు త్వరగా నిండిపోతుంది, మధ్యాహ్నం మూడింటికల్లా చేరుకోండి. ఎన్నాళ్లు ఉండవచ్చో అక్కడి బోర్డు చూడండి. గట్టుకు ఇనుప రేకులు దిగేసి ఉంటే మేకుల జోలికి పోవద్దు, ఆ రేకుల వెనక తగిలించే కొక్కేలు పడవలోనే ఇస్తారు. మేకే కొట్టాల్సి వస్తే, తల పడవకు దూరంగా వాలేలా ఏటవాలుగా కొట్టండి. ముందు మోకును ముందుకూ, వెనక మోకును వెనక్కూ చాచి కట్టండి. నడిమి మోకు ఆగేటప్పుడు పట్టుకోవడానికే, రాత్రికి దాన్ని కట్టి ఉంచితే పడవ ఒరుగుతుంది. అక్కడక్కడ గట్టు పక్కన లోతు తక్కువ, పడవ గట్టుకు ఆనదు. మీ అమ్మగారిని దూకమనకండి, పడవ నుంచి గట్టుకు చెక్క పలక వేసి చెయ్యి పట్టుకుని దింపండి. రాత్రి ఎనిమిది తర్వాత ఇంజను నడపకూడదు కాబట్టి, ఫోన్ల ఛార్జింగ్ ముందే ముగించుకోండి.

ఇంకొకటి. పొద్దున్న బయలుదేరేటప్పుడు సుత్తి లెక్క చూసుకోండి. మాది గడ్డిలో మిగిలిపోయింది, దాని కోసం తర్వాతి లాకు దగ్గర నుంచి వెనక్కి నడిచాను.