అప్పు చేసి యూరప్ వద్దు, వచ్చే ఏడాది దసరా సెలవుల్లో వెళ్లండి

ప్రశ్న: మాది అనంతపురం, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. ఇద్దరి జీతాలూ కలిపి నెలకి 1,70,000 చేతికి వస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 48,000, పాప చదువుకి నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే సిప్ 25,000, ఇంటి ఖర్చులు 62,000. ఎఫ్‌డీలో 4 లక్షలున్నాయి. మా వారికి ఏటా మార్చిలో లక్షన్నర బోనస్ వస్తుంది, ఈసారిది ఖర్చయిపోయింది. పదేళ్ల పాపని, 64 ఏళ్ల అత్తయ్యని తీసుకుని ఈ మే నెలలో యూరప్ వెళ్దామనుకుంటున్నాం. ప్యాకేజీలో 9 రోజులు, 5 దేశాలు, నలుగురికీ కలిపి 9 లక్షలు. బ్యాంకు 14 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. లోన్ తీసుకోమంటారా, సిప్ ఆపేసి ఎఫ్‌డీ తీసేయమంటారా?

జవాబు: రెండూ వద్దు. యూరప్ మాత్రం వెళ్లండి. ఈ మేలో కాకుండా వచ్చే ఏడాది దసరా సెలవుల్లో వెళ్లండి.

లోన్ లెక్క చూడండి. 9 లక్షలకి 14 శాతం చొప్పున మూడేళ్లపాటు నెలకి దాదాపు 30,760 కట్టాలి. వడ్డీ ఒక్కటే 2 లక్షల 7 వేలు దాటుతుంది. తిరిగొచ్చాక పాప ఏడో తరగతి దాటినా మీరింకా ఐఫిల్ టవర్ బాకీ కడుతూనే ఉంటారు. ఎఫ్‌డీ సంగతి అడగనే వద్దు. ఇంటి లోన్ ఉన్నవాళ్లకి ఆ 4 లక్షలు ఉద్యోగం పోతే ఆదుకునే డబ్బు. మన బెంగళూరులో టెక్ ఉద్యోగాల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఆ ఈఎంఐ కట్టగలమనుకున్నారంటే నెలకి 30 వేలు దాచగలరన్నమాటే. నెలనెలా బ్యాంకులో కట్టే రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ) ఒకటే కాకుండా 15 వేలవి రెండు తెరవండి. ఒకటి 12 నెలలకి, ఇంకొకటి 18 నెలలకి. మొదటిది చేతికొచ్చేసరికి మార్చి బోనస్ కూడా వచ్చి ఉంటుంది. ఆ రెండూ కలిపితే 3 లక్షల 30 వేల పైమాటే, విమాన టికెట్లకీ వీసాకీ సరిపోతాయి. ఖాళీ అయిన ఆ 15 వేలతో ఇంకో ఆరు నెలల ఆర్డీ మొదలుపెట్టండి. వడ్డీతో కలిపి మొత్తం 7 లక్షలు దాటుతుంది. సిప్ జోలికి వెళ్లక్కర్లేదు.

9 లక్షల ప్రయాణం 7 లక్షల్లో ఎలా అంటారా? దేశాలు తగ్గించండి. పదేళ్ల కిందట నేనూ ఇలాంటి ప్యాకేజీకే డబ్బు కట్టాను. పొద్దున ఆరింటికి లేపేవాళ్లు, సామాను బస్సెక్కించేవాళ్లు. పీసాలో ఒరిగిన గోపురం దగ్గర మాకిచ్చింది నలభై నిమిషాలు, అందులో సగం బాత్రూం క్యూలోనే అయిపోయింది. ఇప్పుడు ఫొటోలు చూస్తే ఏది ఏ ఊరో మా ఆవిడే చెప్పాలి. రెండోసారి మేమే బుక్ చేసుకుని ఒక్క స్విట్జర్లాండ్‌కే వెళ్లాం. అదే ఇప్పటికీ గుర్తుంది.

మీకూ అదే చెప్తాను: స్విట్జర్లాండ్‌లో ఆరు రాత్రులు, తిరుగు ప్రయాణంలో పారిస్‌లో రెండు. స్విస్ ట్రావెల్ పాస్ ఆరు రోజులది పెద్దవాళ్లు ముగ్గురికీ కొనండి. దాంతో రైళ్లు, బస్సులు, పడవలు దాదాపు అన్నీ ఎక్కొచ్చు. పాప 16 లోపే కాబట్టి ఫ్యామిలీ కార్డు అడిగితే అమ్మానాన్నలతో ఉచితంగా తిరుగుతుంది. ఈ సంగతి తెలియక పిల్లలకీ పాస్ కొనేవాళ్లున్నారు.

అందరూ యుంగ్‌ఫ్రౌయోహ్ అంటారు. అది స్విట్జర్లాండ్‌లో రైల్లో వెళ్లగలిగే మంచు కొండ, 3,454 మీటర్ల ఎత్తు. పాస్ ఉన్నా పై భాగం టికెట్‌లో పావు వంతే తగ్గుతుంది, పైగా ఆ ఎత్తులో అత్తయ్యగారికి ఆయాసం రావచ్చు. దానికి బదులు లూసర్న్‌లో దిగి, సరస్సులో పడవ మీద విట్స్‌నావ్ వెళ్లి, అక్కడ పళ్లచక్రాల రైలెక్కి రిగి కొండ మీదికి పోండి. 1871 నుంచి నడుస్తున్న రైలది. పడవా రైలూ రెండూ పాస్‌లోనే వస్తాయి, పైసా అదనం లేదు. మా ప్రయాణం మొత్తంలో ఆ రోజే బాగుంది.

పారిస్‌లో ఐఫిల్ టవర్ పైకి ఎక్కకపోయినా ఫర్వాలేదు. చీకటి పడ్డాక ప్రతి గంటకీ ఐదు నిమిషాలు దీపాలు మిలమిల మెరుస్తాయి. టవర్‌కి ఎదురుగా ఉన్న ట్రోకడేరో మెట్ల దగ్గర కూర్చుని చూస్తే ఖర్చు లేదు. లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. మిగతా రోజుల్లో పాపకి టికెట్ డబ్బు అక్కర్లేదు.

ఈ రెండు దేశాలకీ ఒకటే సరిపోయే షెంజెన్ వీసా ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు. పన్నెండు నిండని పాపకి 45. ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు కాబట్టి ఆఖరి నెల దాకా ఆగి టెన్షన్ పడకండి. 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అత్తయ్యగారికి బీపీ, షుగర్ లాంటివేమైనా ఉంటే ఫారంలో రాయండి. ప్రీమియం కాస్త పెరిగినా సరే. దాచిపెడితే క్లెయిమ్ దగ్గర తన్నుకొస్తుంది.

ముందే విదేశీ డబ్బు వేసుకునే ఫారెక్స్ కార్డులో స్విస్ ఫ్రాంకులు, యూరోలు విడివిడిగా వేయించండి. యూరోలు మాత్రమే ఉన్న కార్డు స్విట్జర్లాండ్‌లో గీస్తే మార్పిడి ఛార్జీ పడుతుంది. మామూలు క్రెడిట్ కార్డు మీద చాలా బ్యాంకులు 3.5 శాతం దాకా, దానిపై జీఎస్టీ వేస్తాయి. మెషీన్ రూపాయల్లో కట్టమంటారా అని అడిగితే వద్దని అక్కడి కరెన్సీయే నొక్కండి.

ఒకవేళ ప్యాకేజీయే తీసుకుంటే టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా పట్టుకునే పన్ను, వసూలు చేస్తారు. రేటు బడ్జెట్‌లలో మారుతుంటుంది, బుక్ చేసే రోజు కనుక్కోండి. అది పోయిన డబ్బేం కాదు, ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుకోవచ్చు. అయితే బిల్లు మీ వారి పాన్ మీదే ఉండాలి. అత్తయ్యగారి పేరు మీద వేస్తే ఆ కాస్త వాపసు కోసం ఆవిడ రిటర్న్ వేయాల్సి వస్తుంది.

వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే తిండి ఖర్చు బాగా తగ్గుతుంది. బియ్యం, పెరుగు అక్కడి సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి. పొడులు ఇక్కడి నుంచి పట్టుకెళ్లండి. నెయ్యి సీసా మాత్రం ఇంట్లోనే వదిలేయండి, పాలతో చేసినవి మన దేశం నుంచి తీసుకెళ్లనివ్వరు. ఆవకాయకి ఆ ఇబ్బంది లేదు, మూత గట్టిగా ఉంటే చాలు.