ఒక్క ఓహెచ్ తేడాకే మందు పనితీరు అంత మారుతదా?

వైరస్ ఎంజైమ్ జన్యువును ఎక్కించిన కణితి కణాలను ఒక మందు బాగా చంపుతది, దాని చుట్టం లాంటిది అంతగా చంపదు, ఎందుకని మిర్యాలగూడ తమ్ముడొకరు అడిగిండు. నల్లగొండల ఎమ్మెస్సీ పిల్లలకు నేను చెప్పే జోడీనే చెప్త: సర్పికి వాడే ఎసైక్లోవిర్, దాని చుట్టం గాన్‌సైక్లోవిర్. రెండింట్లోనూ డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన గ్వానినే, రెండోదాని తోకకు ఒక హైడ్రాక్సీమిథైల్ గ్రూపు (ఓహెచ్, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంట, ఉన్న చిన్న ముక్క) ఎక్కువ, అంతే.

మందు పనిచేయాలంటే దానికి మూడు ఫాస్ఫేట్లు తగలాలె. మొదటిదాన్ని హెర్పిస్ వైరస్ ఎంజైమైన థైమిడిన్ కైనేజ్ తగిలిస్తది. మన కణాల కైనేజులకు ఆ పని సరిగ్గ చేతగాదు, అందుకే వైరస్ ఎంజైమ్ లేని కణం చాలావరకు తప్పించుకుంటది. మిగతా రెండు ఫాస్ఫేట్లు కణమే పెట్టుకుంటది (తన గోతి తనే తవ్వుకున్నట్టు).

ఎసైక్లోవిర్‌కు తర్వాతి ముక్క అతికే ఓహెచ్ లేదు. డీఎన్ఏ గొలుసు అక్కడే ఆగుతది. గాన్‌సైక్లోవిర్‌కు ఉంది. గొలుసు మధ్యల దూరి, మళ్ల కాపీ అయ్యేటప్పుడు దెబ్బతీస్తది. ఆపుడే పెద్ద దెబ్బ అనుకుంటం గానీ, కణితి కణానికి ఇదే ఎక్కువ ప్రాణాంతకం. ఎముక మజ్జను కూడా గాన్‌సైక్లోవిర్ గట్టిగనే తాకుతది.