యూరప్‌లో మూడు దేశాలు తిరగాలంటే షెంగెన్ వీసాకి ఎక్కడ అప్లై చేయాలి?

టూరిస్టుగా ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో, ఆ దేశానికే అప్లై చేయాలి. షెంగెన్‌లోని 29 దేశాలకీ ఒకే వీసా చాలు కాబట్టి, మీ ఫైల్ ఎవరు చూడాలన్నది ఈ రోజుల లెక్కతోనే తేలుతుంది.

పారిస్‌లో దిగి 3 రాత్రులు, తర్వాత స్విట్జర్లాండ్‌లో 5, రోమ్‌లో 2 అనుకోండి. ఫైల్ వెళ్లాల్సింది స్విట్జర్లాండ్‌కి. హోటల్ బుకింగులు, కవరింగ్ లెటర్, ఇన్సూరెన్స్ తేదీలు అన్నీ ఈ లెక్కతో కలవాలి. మధ్యలో ఒక్క రాత్రికి హోటల్ కనిపించకపోయినా ప్రశ్న రావచ్చు.

విమానం ముందు దిగే దేశానికే పెట్టాలని చాలామంది అనుకుంటారు. అది రోజులు సమానమైనప్పుడు మాత్రమే. అపాయింట్‌మెంట్ త్వరగా దొరికిందని వేరే దేశానికి ఉత్తుత్తి బుకింగులు చూపిస్తే రిజెక్ట్ కావచ్చు, కట్టిన ఫీజు కూడా వెనక్కి రాదు.