డాల్ఫిన్స్ నోస్ మంచులో రేణువులు కనిపించాలంటే

విశాఖలోని డాల్ఫిన్స్ నోస్ కొండను నీటిరంగుల్లో వేస్తుంటే, దాని మీది పొగమంచు చదునుగా, ప్రాణం లేకుండా వస్తోందని అన్నారు కదా. లోపం మీ చేతిది కాదండీ, రంగుది. మీరు వాడిన థాలో బ్లూ అనే నీలిరంగు కణాలు మరీ సన్నవి. కాగితానికి మరకలా పట్టేస్తాయి తప్ప దాని గుంటల్లో రేణువులుగా పేరుకోవు. బదులుగా, అలా పేరుకునే నీలిరంగు అల్ట్రామెరైన్‌లో కొద్దిగా బర్న్ట్ సియెనా (ఎర్రమట్టి గోధుమ రంగు) కలపండి. కాగితం 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాములు) కోల్డ్ ప్రెస్, అంటే కాస్త గరుకుగా ఉండేది చాలు, ఇంకా గరుకైన రఫ్ రకం అయితే మరీ మంచిది. నీళ్లు ధారాళంగా కలిపి ఒక్క పూత వేసి, బోర్డును బల్లపరుపుగా వదిలేయండి. ఆరుతుండగా మళ్లీ కుంచె పెట్టారా, పేరుకున్న రేణువులన్నీ చెదిరిపోతాయి. హెయిర్ డ్రయ్యర్ జోలికి అసలు వెళ్లకండి. మన విశాఖ ఉక్కపోతను అందరూ తిట్టుకుంటారు గానీ, ఈ పనికి అదే వరం: పూత నెమ్మదిగా ఆరుతుంది, రంగు అడుగుకు దిగడానికి వ్యవధి దొరుకుతుంది. సముద్రం వైపు కొండ అంచును మాత్రం పూత వేసిన వెంటనే, పిండిన కుంచెతో ఒక్కసారి మెత్తబరచండి.