జర్మనీలో ఫీజు లేకున్నా 15 లక్షలు ఎందుకు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా అబ్బాయి నల్గొండలో మెకానికల్ బీటెక్ ఫైనలియర్. 7.1 సీజీపీఏ, రెండు సబ్జెక్టులు సప్లీలో పాసైండు. జర్మనీలో ఎంఎస్‌కు ఫీజు ఉండదు, పోతనంటుండు. కన్సల్టెన్సీ వాళ్లేమో ప్రైవేటు యూనివర్సిటీలో సీటుంది, ఈ నెలలోనే డబ్బు కట్టమంటున్నరు. రెండెకరాలు అమ్ముదామని బేరం నడుస్తున్నది. పోయినంక పార్ట్‌టైం చేసుకుంటే వానికి ఎల్లుతదా?

జవాబు: ముందు ఆ బేరం ఆపండి. పబ్లిక్ యూనివర్సిటీ నుంచి అడ్మిషన్ లెటర్ చేతికి రాకముందే ఒక్క గుంట కూడా అమ్మాల్సిన పనిలేదు.

ఫీజు లేదన్న మాట పబ్లిక్ యూనివర్సిటీల వరకు చాలామటుకు నిజమే. స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మన పిల్లల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటారు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది. మిగతా చోట్ల సెమిస్టర్ కంట్రిబ్యూషన్ పేరుతో కొద్ది మొత్తం కట్టాలి, అంతే. కన్సల్టెన్సీ చెబుతున్న ప్రైవేటు సీటుకైతే పూర్తి ఫీజు పడుతుంది. ఫీజు లేదనే కదా మీవాడు జర్మనీ అంటున్నది, మరి ఆ సీటెందుకు?

అసలు ఖర్చు బ్లాక్డ్ అకౌంట్. వీసాకు 11,904 యూరోలు ముందే వేసి చూపించాలి. యూరో వంద రూపాయల లెక్కన దాదాపు 12 లక్షలు. ఆ డబ్బు మీవాడిదే, కానీ నెలకు 992 యూరోల చొప్పునే చేతికొస్తుంది. చాలా కుటుంబాలు ఇక్కడే దెబ్బతింటాయి. మొదటి నెలలోనే రూము డిపాజిట్ కట్టాలి, అది గరిష్ఠంగా మూడు నెలల ఒట్టి అద్దె (హీటింగ్ లాంటి ఖర్చులు కలపనిది) దాకా ఉండొచ్చు. దానిమీద అద్దె, హెల్త్ ఇన్సూరెన్సు, సెమిస్టర్ కంట్రిబ్యూషన్, చలికోటు, వంటసామాను. 992 ఏ మూలకు? అందుకని విడిగా ఇంకో 2,500 యూరోలు చేతిలో పెట్టి పంపాలి. టికెట్, వీసా, ఐఈఎల్‌టీఎస్, మన చదువు కాగితాలు అసలువేనని చూపే ఏపీఎస్ సర్టిఫికెట్‌కు 18,000 రూపాయలు కలిపితే 15 లక్షలు దాటుతుంది.

పొలం తాకట్టు పెట్టి ఎడ్యుకేషన్ లోన్ తీసుకోవచ్చు కదా అంటారేమో. బాకీ పడితే వ్యవసాయ భూమిని, మొండి బాకీల వసూలుకు బ్యాంకులు వాడే సర్ఫేసీ చట్టం కింద స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకుకు వీల్లేదు. అందుకే పట్టా పాస్‌బుక్ చూపిస్తే మేనేజర్లు సాధారణంగా ఒప్పుకోరు. మీకో, మీ అన్నదమ్ములకో పట్టణంలో అనుమతులున్న ఇల్లో, ప్లాటో ఉంటే పని సులువవుతుంది. ఏడాది ఆదాయం 5 లక్షల లోపుండి ఎస్సీ, ఎస్టీ, బీసీల్లో వస్తే విదేశీ చదువుకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఓవర్సీస్ విద్యానిధికి ఈపాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయండి. 20 లక్షల వరకు ఇస్తారు. అయితే అది అక్కడికి వెళ్లి చేరాక ఒక విడత, మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత మరో విడతగా వస్తుంది. కాబట్టి బ్లాక్డ్ అకౌంట్‌కు దాన్ని నమ్ముకోవద్దు.

ఇక మార్కులు. అక్కడ 1 అంటే అన్నిటికన్నా మంచి గ్రేడు, 4 అంటే బొటాబొటి పాసు. 10లోంచి మీవాడి 7.1 తీసేస్తే 2.9. పాసు 5 అయితే దాన్ని 5తో భాగించి, 3తో గుణించి, 1 కలపండి: 2.74 వస్తుంది. చాలా కోర్సులు 2.5 లేదా అంతకన్నా మంచి గ్రేడు అడుగుతాయి. అది రావాలంటే సీజీపీఏ 7.5 ఉండాలి. ఇంకా సెమిస్టర్ మిగిలుంది కాబట్టి కష్టపడమనండి. గ్రేడుకు గట్టి కటాఫ్ పెట్టని యూనివర్సిటీలు కూడా ఉన్నాయి, అప్లికేషన్లలో సగం వాటికి పెట్టాలి. శీతాకాలం సెమిస్టర్‌కు గడువు చాలాచోట్ల జులై 15, కొన్ని మాస్టర్స్ కోర్సులకు ఇంకా ముందే ముగుస్తుంది. ఏపీఎస్ రావడానికి వారాలు పడుతుంది, అందుకే యూనివర్సిటీ అప్లికేషన్లకన్నా ముందే ఏపీఎస్‌కు పెట్టండి.

రూము వేట అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే మొదలవ్వాలి. స్టూడెంట్ హాస్టళ్లకు వెయిటింగ్ లిస్టు సెమిస్టర్లకొద్దీ సాగుతుంది. చూడని రూముకు డిపాజిట్ పంపితే మోసపోతారు. రూములో దిగాక రెండు వారాల్లో ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితంతో టౌన్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించాలి. ఉద్యోగానికి కావాల్సిన ట్యాక్స్ నంబరు ఆ తర్వాత పోస్టులో వస్తుంది. పోస్టుడబ్బా మీద మీవాడి పేరు లేకపోతే ఆ ఉత్తరం తిరిగిపోతుంది. పేరు రాసి అంటించడం ఒక్క నిమిషం పని, అది చేయక నెల పోగొట్టుకుంటారు.

పార్ట్‌టైంకు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజుల పరిమితి ఉంది. కనీస వేతనం 2025లో గంటకు 12.82 యూరోలు, 2026 నుంచి 13.90. రెండో ఏడాది తిండికి, అద్దెకు సాయపడుతుంది. కానీ జర్మన్ రాకపోతే గోడౌన్ పనులే దొరుకుతాయి, చిన్న ఊళ్లలో అవీ కష్టమే. ఇక్కడుండగానే జర్మన్ కనీసం ఏ2 (రెండో మెట్టు) దాకా నేర్చుకోమనండి. మొదటి సెమిస్టర్లో సంపాదన సున్నా అనుకునే లెక్కేసుకోండి.

సప్లీల సంగతి మీవాడికి గట్టిగా చెప్పాలి. అక్కడ ఒక సబ్జెక్టుకు సాధారణంగా మూడు అవకాశాలే. మూడోసారీ తప్పితే కోర్సులోంచి తీసేస్తారు, అదే కోర్సు వేరే జర్మన్ యూనివర్సిటీలోనూ దొరకదు. హాజరు అడగకపోవచ్చు, కానీ పరీక్షకు గడువులోగా విడిగా రిజిస్టర్ చేసుకోకపోతే హాల్లోకే రానివ్వరు.

ఈ వారంలో చేయాల్సింది ఒకటే: పాస్‌పోర్టు తీసి చూడండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటేనో, పేరు పదో తరగతి మెమోతో కలవకపోతేనో ఇప్పుడే సరిచేయించండి. ఏపీఎస్ దరఖాస్తు దాని తర్వాతే.