ఆపరేషన్ థియేటర్‌లో కష్టాలేమిటని ఇంటర్వ్యూలో అడిగితే

ప్రశ్న: జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తిచేసి, మా ఊళ్లోని ఒక నర్సింగ్ హోమ్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. వార్డు పనితోపాటు సిజేరియన్, హెర్నియా, అపెండిక్స్ ఆపరేషన్లలో డాక్టర్లకు పరికరాలు అందిస్తుంటాను. హైదరాబాద్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి థియేటర్ నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పిలిచింది. ‘థియేటర్‌లో మీకు ఎదురైన కష్టాలేమిటి?’ అని తప్పక అడుగుతారట. కష్టాలు ఏకరువు పెడితే పని చేతకాదనుకుంటారేమోనని, ఏమీ లేవంటే నమ్మరేమోనని భయంగా ఉంది. ఎలా సిద్ధం కావాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ‘నాకేమీ కష్టం అనిపించలేదండీ’ అన్న జవాబే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. మిమ్మల్ని ప్రశ్నించేవారిలో థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్ ఉండే అవకాశం ఎక్కువ. ఆ గదిలో ఏళ్ల తరబడి నిలబడినవారికి అక్కడి కష్టాలు మీరు చెప్పి తెలియజేయనక్కరలేదు. మీ ఓర్పు ఎంతన్నది కాదు, ఒత్తిడి పెరిగిన సమయంలో రోగి క్షేమం కోసం మీరు నోరు విప్పి మాట్లాడగలరా అన్నదే వారు తెలుసుకోవాలనుకుంటారు. అందువల్ల గంటల తరబడి నిలబడటం, వేళకు భోజనం లేకపోవడం, అర్ధరాత్రి ఎమర్జెన్సీలు వంటివి ఒక్క వాక్యంలో ముగించి, బాధ్యతతో ముడిపడిన కష్టాన్ని ఎంచుకోండి.

నన్నడిగితే, కౌంట్ తప్పిన సందర్భాన్ని మించినది లేదంటాను. మాప్‌లు (రక్తాన్ని పీల్చే గుడ్డలు), గాజ్‌లు, సూదులు, పరికరాలు ఆపరేషన్ మొదలయ్యే ముందు ఒకసారి, పొట్ట లోపలి పొర మూసేముందు ఒకసారి, చర్మం కుట్టేటప్పుడు మరొకసారి స్క్రబ్ నర్సు (సర్జన్ పక్కనుండి పరికరాలు అందించేవారు), సర్క్యులేటింగ్ నర్సు (కావలసిన సామగ్రి తెచ్చిచ్చేవారు) ఇద్దరూ కలిసి పైకి వినిపించేలా లెక్కపెట్టాలి. ఒక మాప్ తక్కువగా ఉంది, సర్జన్ కుట్లు వేయడానికి తొందరపడుతున్నారు, బయట మరో కేసు ఎదురుచూస్తోంది అనుకోండి. అప్పుడు ‘సార్, కౌంట్ కలవలేదు, దయచేసి ఆగండి’ అని స్పష్టంగా చెప్పడం, మళ్లీ లెక్కపెట్టడం, ఆపరేషన్ చేస్తున్న చోట సర్జన్, డ్రేప్‌ల (రోగిపై కప్పే గుడ్డల) మడతల్లోనూ నేలమీదా బకెట్లలోనూ మిగతావారు వెతకడం, అయినా దొరక్కపోతే రోగిని టేబుల్ మీద నుంచి దించకముందే ఎక్స్‌రే తీయించడం, జరిగినదంతా రికార్డులో రాయడం – ఈ వరుస మీ నోట తడబాటు లేకుండా రావాలి. ఆపరేషన్‌కు వాడే మాప్‌లలో ఎక్స్‌రేలో కనిపించే దారం ఉంటుందనీ, అందుకే లెక్క తేలనప్పుడు ఎక్స్‌రే తీయిస్తారనీ చెబితే కారణం కూడా తెలిసి పనిచేస్తున్నారని వారికి అర్థమవుతుంది. ఇలాంటి సందర్భం మీకు నిజంగా ఎదురై ఉంటే దాన్నే చెప్పండి. ఎదురుకాకపోతే ‘ఎదురైతే ఇలా చేస్తాను’ అనండి. కల్పించి చెప్పిన సంఘటన రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్టును తప్పక చదువుకొని వెళ్లండి. అందులో 19 అంశాలుంటాయి. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, రోగిని థియేటర్ నుంచి బయటికి పంపేముందు అని మూడు దశలు. ఢిల్లీతో సహా 8 నగరాల్లోని 8 ఆసుపత్రుల్లో దాన్ని అమలుచేసి చూడగా ఆపరేషన్ అనంతర మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. మీ నర్సింగ్ హోమ్‌లో రాతపూర్వక చెక్‌లిస్టు లేకపోయి ఉంటే దాచకండి, అలాగని అక్కడివారిని నిందించకండి. పేరు, ఆపరేషన్ జరిగే వైపు, అలర్జీలు మీరు ఏవిధంగా సరిచూసుకునేవారో చెబితే చాలు.

సూది గుచ్చుకుంటే ఏం చేస్తారన్నది దాదాపు ఖాయంగా వచ్చే ప్రశ్న. గాయాన్ని పిండకుండా సబ్బు నీళ్లతో కడుక్కొని, వెంటనే ఇన్‌చార్జికి తెలియజేసి, అవసరమైతే హెచ్ఐవీ నివారణ మందులు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలలోపు మొదలుపెట్టాలి. మాట బయటికి రానివ్వకుండా పని కొనసాగించడం ధైర్యం కాదని నొక్కి చెప్పండి.

ప్రశ్న: ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్ డిప్లొమా చివరి సంవత్సరంలో ఉన్నాను. ‘సర్జన్ అందరిముందూ కోప్పడితే ఏం చేస్తావు?’ అని మా సీనియర్‌ను అడిగారట. ఏం చెప్పాలి?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ఆపరేషన్ నడుస్తున్నంతసేపూ వాదన పెట్టుకోకుండా, అడిగినది అందించి, పని పూర్తయ్యాక ఏకాంతంగా ఆయనతో మాట్లాడతాననీ, అదే పదేపదే జరిగితే ఇన్‌చార్జికి చెబుతాననీ అనండి. ‘సర్దుకుపోతాను’ అని మాత్రం ఊరుకోకండి. స్టెరైల్ కాని దేనికో పరికరం తగిలిందని మీరు చెప్పినందుకే ఆయన కోప్పడితే, ఆ మాట వెనక్కి తీసుకోకుండా మరో పరికరం తెప్పిస్తానని కచ్చితంగా చెప్పాలి. చిన్నవాడినని అక్కడ వెనకడుగు వేస్తే ఇన్‌ఫెక్షన్ వచ్చేది రోగికి. తర్వాతి ప్రశ్న మత్తు మెషిన్ మీదకు మళ్లవచ్చు కనుక, మొదటి కేసుకు ముందు మీరు సరిచూసేవి – సెంట్రల్ సరఫరా ఆగితే వాడే ఆక్సిజన్ సిలిండర్‌లో ఒత్తిడి, సర్క్యూట్‌లో (రోగికి గాలి, మత్తు అందించే గొట్టాల్లో) లీకు, ద్రవాలు పీల్చే సక్షన్ పనితీరు, శ్వాసగొట్టం వేసేటప్పుడు గొంతు చూపే లారింగోస్కోప్ లైటు, మానిటర్ అలారాలు – ప్రాక్టికల్స్‌లో రోజూ చేసే క్రమంలోనే చెప్పడం అలవాటు చేసుకోండి.