నాన్నకు పార్కిన్‌సన్స్... మూలకణాల ఇంజెక్షన్ చేయించవచ్చా? అది పిండాలతో చేసే వైద్యమేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ఆరేళ్లుగా పార్కిన్‌సన్స్ ఉంది. మందు పనిచేసినంతసేపు బాగానే తిరుగుతారు. దాని ప్రభావం తగ్గగానే కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. మూలకణాల ఇంజెక్షన్లతో ఇది తగ్గిపోతుందని ఒక క్లినిక్‌లో చెప్పారు. ‘మేం పిండాలను వాడం, కాబట్టి నైతికంగా ఏ ఇబ్బందీ లేదు’ అని కూడా అన్నారు. మా అన్నయ్యేమో అది పిండాలను చంపి చేసే వైద్యమని, అమెరికాలోనే నిషేధించారని, చేయిస్తే పాపమని అంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ, అందరికీ టెన్షన్. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

సమాధానం: మీ అన్నయ్య మాటను మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. పాతికేళ్లకు పైగా ప్రభుత్వాలు, మతపెద్దలు, వైద్యులు తలలు పట్టుకున్న ప్రశ్నే ఆయనా అడుగుతున్నారు. కాకపోతే ఆయన అభ్యంతరం చెబుతున్నది ఒక చికిత్సకు, క్లినిక్ వాళ్లు మీ నాన్నగారికి చేస్తామంటున్నది ఇంకో చికిత్స. ముందు ఈ రెండింటినీ విడదీసి చూద్దాం.

1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్ బృందం మొదటిసారిగా మానవ పిండం నుంచి మూలకణాలను వేరు చేసి ల్యాబ్‌లో పెంచింది. శరీరంలోని ఏ కణంగానైనా మారగలగడమే వాటి ప్రత్యేకత. పార్కిన్‌సన్స్‌లో మెదడులో డోపమైన్ (కదలికలు సాఫీగా సాగడానికి కావాల్సిన రసాయనం) తయారుచేసే కణాలు చనిపోతూ ఉంటాయి కాబట్టి, వాటి స్థానంలో కొత్తవి పెట్టవచ్చన్న ఆశ అప్పుడే బలంగా పుట్టింది. ఆ పిండాలు గర్భంలోంచి తీసినవి కావు. సంతానం కోసం ఐవీఎఫ్ చేయించుకున్న దంపతుల దగ్గర మిగిలిపోయినవి, వాళ్ల అనుమతితో తీసుకున్నవి. ఐదారు రోజుల వయసులో ఆ పిండంలో వంద, రెండు వందల కణాలుంటాయి. గుండె ఉండదు, నరం ఉండదు. అయినా మూలకణాలను తీయాలంటే ఆ పిండం నశించక తప్పదు. గొడవంతా అక్కడే.

ఫలదీకరణ జరిగిన క్షణం నుంచే అది మనిషి అని కాథలిక్ చర్చి వాదన. యూదు మత పండితుల్లో, ఇస్లామిక్ న్యాయవేత్తల్లో చాలామంది తొలి రోజుల పిండానికి ఆ స్థాయి ఇవ్వరు. బ్రిటన్‌లో 1984లో ప్రభుత్వం వేసిన వార్నాక్ కమిటీ పిండాలపై పరిశోధనకు 14 రోజుల గడువు సూచించింది. ఇంచుమించు ఆ సమయానికే పిండంలో వెన్ను ఏర్పడబోయే దిశ తెలిపే గీత కనిపిస్తుంది, ఆ తర్వాత అది కవలలుగా విడిపోవడం దాదాపు ఉండదు. 1990లో ఆ గడువును చట్టం చేశారు. జర్మనీ పిండాలను నాశనం చేసే పరిశోధనను తన గడ్డపై నిషేధించింది కానీ, 2002లో ఒక చట్టం చేసి, బయటి దేశాల్లో అప్పటికే తయారైన కణాలను షరతులతో తెప్పించుకోనిచ్చింది. అందులో వైరుధ్యం ఉందని అక్కడివాళ్లే విమర్శించారు.

ఇక అమెరికా నిషేధించిందన్న మాట సగమే నిజం. 2001 ఆగస్టు 9న అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ బుష్ ఆపింది పరిశోధనను కాదు, ప్రభుత్వ నిధులను. అప్పటికే ఉన్న కణాల మీద పనిచేస్తే ఫెడరల్ డబ్బు వస్తుంది, కొత్తవాటి మీద చేస్తే రాదు. దాంతో ప్రభుత్వ నిధులతో కొన్న మైక్రోస్కోపు కింద కొత్త కణాలున్న డిష్ పెట్టడానికి వీల్లేకుండా పోయింది. అదే పనికి ప్రైవేటు డబ్బుతో రెండో మైక్రోస్కోపు, రెండో ఫ్రిజ్ కొనుక్కోవాల్సి వచ్చింది. 2006లో నిధుల బిల్లును బుష్ వీటో చేసిన రోజున, ఐవీఎఫ్‌లో మిగిలిన పిండాలను వేరే దంపతులు దత్తత తీసుకోగా పుట్టిన పిల్లలను వైట్‌హౌస్‌కు పిలిపించి పక్కన నిలబెట్టుకున్నారు. మరోవైపు వెన్నెముక దెబ్బతిన్న నటుడు క్రిస్టఫర్ రీవ్ చక్రాల కుర్చీలోంచే పరిశోధన కోసం పోరాడారు. అల్జీమర్స్‌తో భర్త, మాజీ అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ కరిగిపోతుంటే చూసిన నాన్సీ రీగన్, సొంత పార్టీ అధ్యక్షుడి విధానానికి భిన్నంగా గొంతు విప్పారు. కాలిఫోర్నియా ఓటర్లు 2004లో రాష్ట్ర నిధుల నుంచే 300 కోట్ల డాలర్లు కేటాయించారు. 2009లో ఒబామా ఆంక్షలు సడలించారు. అయితే పిండాన్ని నాశనం చేసే పనికి ఫెడరల్ నిధులు ఇవ్వకూడదన్న 1996 నాటి నిబంధన అలాగే ఉంది.

నా అభిప్రాయం దాచను. గర్భంలోకి ఎప్పటికీ చేరని, ఎలాగూ పారేయబోయే పిండాన్ని, దంపతులు తెలిసి ఇష్టపూర్వకంగా ఇస్తే, పరిశోధనకు వాడటం తప్పు కాదని నమ్ముతాను. అలాగని ‘గుప్పెడు కణాలే కదా’ అని తేలిగ్గా మాట్లాడేవాళ్లతోనూ ఏకీభవించలేను. అలాంటి పిండంలోంచే ఎవరో ఒకరి బిడ్డ పుట్టింది. ఆ బరువు తెలిసినవాళ్లే ఈ పని చేయాలి. దక్షిణ కొరియాలో హ్వాంగ్ వూ సుక్ ఉదంతమే చూడండి. క్లోనింగ్‌తో (స్త్రీ అండంలో వేరే కణం కేంద్రకాన్ని పెట్టి పిండాన్ని తయారుచేసే పద్ధతితో) మూలకణాలు సాధించానన్న ఈ శాస్త్రవేత్త ఫలితాలు బూటకమని తేలి, 2006లో పరిశోధన పత్రాలను వెనక్కి తీసుకున్నారు. తన ల్యాబ్‌లో పనిచేసే మహిళల నుంచే అండాలు తీసుకున్న సంగతీ బయటపడింది. పై అధికారి అడిగితే కింద పనిచేసే అమ్మాయి కాదనగలదా? పిండం గురించి అంత రచ్చ జరిగింది కానీ, అండం ఇచ్చే స్త్రీ శరీరం గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

తర్వాత జపాన్‌కు చెందిన షిన్యా యమనాకా దారి మార్చారు. స్నేహితుడి సంతాన సాఫల్య క్లినిక్‌లో మైక్రోస్కోపు కింద పిండాన్ని చూసినప్పుడు తన కూతుళ్లు గుర్తొచ్చారని, వేరే మార్గం వెతకాలనిపించిందని ఆయన చెప్పారు. 2006లో ఎలుక చర్మ కణాలను, 2007లో మనిషి చర్మ కణాలను పిండ మూలకణాల్లాంటివిగా మార్చి చూపించారు. వీటినే ఐపీఎస్ కణాలంటారు. 2012లో నోబెల్ వచ్చింది.

2025 ఏప్రిల్‌లో పార్కిన్‌సన్స్‌పై రెండు చిన్న అధ్యయనాలు వెలువడ్డాయి. ఉత్తర అమెరికాలో 12 మందికి పిండ మూలకణాల నుంచి, క్యోటోలో ఏడుగురికి ఐపీఎస్ కణాల నుంచి తయారుచేసిన నరాల కణాలను మెదడులో అమర్చారు. కణితులు రాలేదు, కొందరిలో కదలికలు మెరుగయ్యాయి. నాకు చాలా సంతోషం కలిగించిన వార్త అది. కానీ అవి ప్రధానంగా భద్రతను పరీక్షించిన తొలి దశ ప్రయోగాలు. పుర్రెకు రంధ్రం చేసి, కచ్చితమైన చోట కణాలను పెట్టి, శరీరం వాటిని తిరస్కరించకుండా నెలల తరబడి మందులిచ్చారు.

మీకు చెప్పిన ఇంజెక్షన్ ఇది కానే కాదు. పిండాలు వాడమని అంటున్నారంటే బహుశా కొవ్వు, ఎముక మజ్జ లేదా బొడ్డుతాడు నుంచి తీసిన కణాలై ఉంటాయి. వాటిని రక్తనాళంలోకి ఎక్కిస్తే చాలావరకు ఊపిరితిత్తుల దగ్గరే చిక్కుకుపోతాయి. మెదడులోకి వెళ్లి డోపమైన్ కణాలుగా మారతాయనడానికి ఆధారం లేదు. ‘మా నాన్న లేచి నడిచాడు’ అనే వీడియోలు మీరూ చూసే ఉంటారు. పార్కిన్‌సన్స్‌లో నమ్మకం వల్లే మెదడులో డోపమైన్ కాసేపు పెరుగుతుంది. ఆ మెరుగుదల అబద్ధం కాదు, నిలవదు అంతే.

నాకు కోపం తెప్పించేది ‘నైతికంగా ఇబ్బంది లేదు’ అన్న మాట. పిండం లేనంత మాత్రాన నీతి ప్రశ్న పోదు. అమెరికాలోని ఫ్లోరిడాలో సొంత కొవ్వు నుంచి తీసిన కణాలను రెండు కళ్లలోకీ ఎక్కించుకున్న ముగ్గురు మహిళలు చూపు కోల్పోయారని 2017లో వైద్య పత్రికలో వచ్చింది. అక్కడ ఏ పిండానికీ హాని జరగలేదు. రుజువు కాని చికిత్సను రుజువైనట్టు అమ్మడం, భయంలో ఉన్న కుటుంబం దగ్గర డబ్బు తీసుకోవడం కూడా అనైతికమే. అందుకే భారత్‌లో వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు కూడా రక్త వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి తరహా చికిత్సలను తప్ప మిగతావాటిని క్లినికల్ ట్రయల్స్‌కే, అంటే రోగులపై నియమాల ప్రకారం చేసే పరీక్షలకే పరిమితం చేశాయి.

కాబట్టి ఆ ఇంజెక్షన్ వద్దు. ఎవరైనా ట్రయల్ అని చెబితే ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం చూపించమనండి, కణాలు ఎక్కడివో రాసివ్వమనండి, హాని జరిగితే బాధ్యత ఎవరిదో అడగండి. ట్రయల్‌కు రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నంత మాత్రాన చికిత్సకు ఆమోదం వచ్చినట్టు కాదు. పరీక్షిస్తున్న చికిత్సకే డబ్బు కట్టమంటే అనుమానించాలి. నిజమైన ట్రయల్లో పిండ మూలకణాలు వాడుతుంటే, ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ నాన్నగారు తేల్చుకోవాలి. ఆయన్ని పక్కన పెట్టి మీరూ మీ అన్నయ్యా వాదించుకోకండి.

మీరు రాసిన లక్షణానికి ఇప్పుడే చేయగలిగింది చాలా ఉంది. ఏ టైమ్‌కు మాత్ర వేసుకున్నారు, ఎప్పుడు కాళ్లు ఆగిపోయాయి అన్నది ఒక వారం పాటు కాగితం మీద రాసి న్యూరాలజిస్టుకు చూపించండి. లెవోడోపా (మెదడులో డోపమైన్‌గా మారే పార్కిన్‌సన్స్ మందు) మోతాదుల మధ్య గ్యాప్ మార్చడం, ఇంకో మందు జోడించడం, నడకకు ఫిజియోథెరపీ, సరిపడేవారికి మెదడులో సన్నని తీగలు అమర్చి విద్యుత్ ప్రేరణ ఇచ్చే డీబీఎస్ ఆపరేషన్, ఇవన్నీ పరీక్షకు నిలిచిన మార్గాలు. మూలకణాలు ఎక్కించే ముందు మందులు ఆపేయమని ఎవరైనా చెప్పినా మీ అంతట మీరు ఆపకండి. లెవోడోపాను ఉన్నట్టుండి మానేస్తే తీవ్ర జ్వరం, ఒళ్లు కొయ్యబారడం వంటి ప్రాణాపాయ స్థితి వచ్చే ప్రమాదం ఉంది.